మీరడిగారు: ఫ్రీ సైన్స్ నోట్సు పెట్టేది ఎలా, ఏరుకునేది ఎలా?

టెన్త్ పరీక్షలు దగ్గరపడుతున్నాయి కదా, ఈసారి మాకొచ్చిన ఉత్తరాల్లోనూ మెసేజుల్లోనూ ఎక్కువ వాటిది ఒకటే గొడవ: ఆన్‌లైన్‌లో తిరిగే ఫ్రీ సైన్స్ మెటీరియల్. పెట్టాలనుకునే టీచర్లు కొందరు, పెట్టినవాటిలో మునిగిపోతున్న పిల్లలు కొందరు, మధ్యలో అమ్మానాన్నలు. అన్నీ విజయవాడ, గుంటూరు వైపువే కాబట్టి ఒకచోట చేర్చాం. పేర్లు వేయలేదు.

ప్రశ్న: పటమటలో ఒక చిన్న స్కూల్లో టెన్త్‌కి ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఏళ్ల తరబడి రాసుకున్న నోట్సు, బిట్లు, పాత పేపర్ల జవాబులు బోలెడున్నాయి. స్కాన్ చేసి ఫ్రీగా పెట్టేద్దామంటే తోటి టీచర్లు నవ్వుతున్నారు, ఇంటర్నెట్ నిండా అవే, నీవెవరు చూస్తారు అని. పెట్టమంటారా? పెడితే వాట్సాపా, టెలిగ్రామా, యూట్యూబా?

జవాబు: పెట్టండి మేడమ్. కాకపోతే అన్నీ పెట్టకండి.

మీ తోటివాళ్ల మాటలో సగం నిజముంది. మెటీరియల్‌కి కరువు లేదు, దాన్ని కూర్చుని సరిచూసేవాళ్లకే కరువు. పెరుగు, పులుపు వస్తువులు రాగి, ఇత్తడి పాత్రల్లో ఎందుకు ఉంచకూడదు అని ఆమ్లాలు, క్షారాల పాఠంలో ఒక ప్రశ్న ఉంది చూడండి, గోంగూర పచ్చడి ఇత్తడి గిన్నెలో పెడితే మన అమ్మమ్మలు తిట్టే తిట్టే అది. గ్రూపుల్లో తిరిగే నోట్సుల్లో దీనికి తరచూ కనిపించే జవాబు ఏమిటంటే, ఆమ్లం రాగితో చర్య జరిపి హైడ్రోజన్ విడుదల చేస్తుందని. పిల్లవాడు అదే బట్టీ పడతాడు. తర్వాతి పాఠం లోహాలు, అలోహాలు తెరిస్తే చర్యాశీలత శ్రేణిలో రాగి హైడ్రోజన్‌కి కింద ఉంటుంది, అంటే సజల ఆమ్లంలోంచి హైడ్రోజన్‌ని బయటికి నెట్టే శక్తి దానికి లేదు. ఇప్పుడు వాడు ఏది నమ్మాలి? అసలు జరిగేది ఏమిటంటే, గాలిలోని ఆక్సిజన్ వల్ల రాగి మీద పొర ఏర్పడుతుంది, ఆ పొరని పులుపులోని ఆమ్లం కరిగించి రాగి లవణాలుగా మారుస్తుంది, ఆ లవణాలు పచ్చడిలోకి దిగుతాయి, అవి ఒంటికి చెడ్డవి. (ఇత్తడిలో జింకు కూడా ఉంటుంది, దాని లెక్క వేరు, ఇక్కడ పేచీ రాగి గురించే.) పాత రోజుల్లో ఇత్తడి గిన్నెలకి లోపల కళాయి వేయించేది ఇందుకే, కళాయి అంటే తగరం పూత కాబట్టి పులుపు రాగిని తాకదు. ఇదంతా నాలుగు వాక్యాల్లో రాసి పెట్టే టీచరు ఒక్కరుంటే చాలు, వంద పీడీఎఫ్‌లకి సమానం.

బయాలజీలోనూ అంతే. "సిరల్లో చెడు రక్తం ప్రవహిస్తుంది" అని ఒక లైను ఎవరో ఎప్పుడో రాశారు, అందరూ కాపీ కొట్టారు. ఊపిరితిత్తుల నుంచి గుండెకి వచ్చే పుపుస సిరలో ఉండేది ఆక్సిజన్ ఉన్న రక్తమే. చెడు రక్తం అనే మాటే తప్పు, అది వేరే సంగతి.

కాబట్టి పాఠానికి ఒక్క పేజీ చేయండి. పైన తరగతి, పాఠం పేరు, ఏ సంవత్సరం పుస్తకమో స్పష్టంగా వేయండి. కింద మీ పేరు, చివరిసారి సరిదిద్దిన తేదీ, తప్పు కనిపిస్తే చెప్పడానికి ఒక మెయిల్ ఐడీ. మధ్యలో నోట్సు కంటే ప్రశ్నలు ఎక్కువ పెట్టండి, జవాబులు రెండో పేజీలో. ప్రశ్నలు కూడా గైడులో దొరికేవి కాకుండా మన చుట్టూ ఉన్నవి అయితే బాగుంటుంది. ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ షాపు చూడని పిల్లలు విజయవాడలో ఉండరు. అక్కడ ఎసిటిలిన్‌తో పాటు ఆక్సిజన్ సిలిండరు విడిగా ఎందుకు పెడతారు, చుట్టూ గాలి ఉంది కదా, దాంతో మండిస్తే సరిపోదా అని అడగండి. మామూలు గాలిలో ఆక్సిజన్ చాలదు, కార్బన్ పూర్తిగా మండదు, పసుపు మంట, మసి వస్తాయి. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఇస్తే మంట 3000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది, ఇనుము కరుగుతుంది. కార్బన్ పాఠంలో ఈ ప్రశ్న పుస్తకంలోనే ఉంది, మీరు చేయాల్సిందల్లా దానికి ఆటోనగర్ ఫోటో ఒకటి జోడించడం. విద్యుత్ పాఠానికైతే పాతకాలం ఫిలమెంటు బల్బులు రెండు తీసుకోండి, 60 వాట్లది ఒకటి, 100 వాట్లది ఒకటి, రెండూ 220 వోల్టులవే, శ్రేణిలో (ఒకదాని వెనక ఒకటి) కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుంది? క్లాసులో చాలామంది 100 అంటారు. శ్రేణిలో రెండింటిలోనూ కరెంటు ఒకటే, 60 వాట్ల బల్బు నిరోధం ఎక్కువ, కాబట్టి అదే ఎక్కువ వెలుగుతుంది. ఈ ఒక్క ప్రశ్నతో పిల్లలకి పాఠం అర్థమైందో లేదో తేలిపోతుంది.

ఇక ఎక్కడ పెట్టాలన్నది. వాట్సాప్‌లో ఫైలు వదిలితే మీ చేయి దాటిపోయినట్టే, రేపు తప్పు దిద్దినా పాత ఫైలే మూడేళ్లు ఊరు తిరుగుతుంది. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు మాత్రం పంపండి. అందులో పాత ఫైలు స్థానంలో కొత్త వెర్షన్ ఎక్కించుకునే వీలుంది, లింకు మారదు, 15 జీబీ దాకా డబ్బు కట్టక్కర్లేదు. లింకు తెలిసిన ఎవరైనా చూడొచ్చు, మార్చకూడదు అనే సెట్టింగు పెట్టడం మర్చిపోకండి, లేకపోతే రాత్రి పదకొండింటికి ముప్పైమంది "యాక్సెస్ ఇవ్వండి మేడమ్" అని మెయిల్ పెడతారు. యూట్యూబ్ ఇప్పుడే వద్దు. ఒకసారి ఎక్కించిన వీడియోలో తప్పు దొర్లితే అదే లింకు మీద కొత్త వీడియో పెట్టలేరు, తీసేసి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: గుంటూరులో మాకొక టెలిగ్రామ్ ఛానల్ ఉంది. పేద పిల్లల కోసమే. మార్కెట్లో దొరికే గైడు పేజీలు స్కాన్ చేసి పెడుతున్నాం, రూపాయి తీసుకోవట్లేదు. ఒకాయన కేసు అవుతుంది అని భయపెడుతున్నాడు. మంచి పనికి కూడా కేసులా?

జవాబు: ఆయన భయపెట్టట్లేదు, ఉన్నమాట చెప్పాడు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అందులో 52వ సెక్షన్ బోధనలో భాగంగా టీచరు గానీ విద్యార్థి గానీ కాపీ చేసుకోవడానికి వీలిచ్చింది. ఢిల్లీ యూనివర్సిటీ దగ్గర జిరాక్సు షాపు మీద పెద్ద పబ్లిషర్లు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు చదువు వైపే మొగ్గింది. అయితే ఆ కేసు, క్లాసులో చెప్పే పాఠాలకి సరిపడా పుస్తకాల్లోంచి తీసిన భాగాల గురించి. గైడు మొత్తం స్కాన్ చేసి ఎవరో తెలియని వేలమందికి వదలడం బోధన అని వాదించి గెలుస్తానంటే మీ ఇష్టం, నేనైతే ఆ పూచీ ఇవ్వను.

మీరు డబ్బు తీసుకోకపోవడం మంచిదే, కానీ నష్టపోయేది అవతలివాడు కదా. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపు నడిపేవాడికి గైడులే బతుకుతెరువు.

దారి లేకపోలేదు. సైన్సు ఎవరి సొత్తూ కాదు. ఓమ్ నియమం మీద, కిరణజన్య సంయోగక్రియ మీద కాపీరైటు ఉండదు, దాన్ని ఒకరు రాసిన వాక్యాల మీద, గీసిన బొమ్మ మీద ఉంటుంది. చదివి, పుస్తకం మూసి, మీ మాటల్లో రాయండి, బొమ్మ మీ చేత్తో గీసి ఫోటో తీయండి. చేతి బొమ్మే పిల్లలకి మేలు, పరీక్షలో వాళ్లు గీయాల్సింది అలాంటిదే. బొమ్మలు గీయడం రాదంటే వికీమీడియా కామన్స్ అనే ఫ్రీ బొమ్మల సైటులో క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో (అంటే ఎవరైనా వాడుకోవచ్చని ముందే అనుమతి ఇచ్చి) ఉన్నవి చాలా దొరుకుతాయి, గీసినవాళ్ల పేరు వేస్తే చాలు, కొన్నిటికి అదే లైసెన్సుతో మళ్లీ పంచాలన్న షరతు ఉంటుంది, చదువుకుని వాడండి. కేంద్రం 2013లో మొదలుపెట్టిన ఎన్‌ఆర్‌ఓఈఆర్ అనే ఆన్‌లైన్ పాఠాల భాండాగారం కూడా తన మెటీరియల్‌ని ఇదే పద్ధతిలో పెట్టింది. మీ పేజీ కింద కూడా "పేరు వేసి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు" అని ఒక లైసెన్సు లైను రాయండి, లేకపోతే ఇంకో ఊరి టీచరు మీది వాడాలన్నా మిమ్మల్ని వెతుక్కోవాల్సి వస్తుంది. ఒక మాట, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతుంది కదా అని దాన్ని మీ లోగో వేసి మళ్లీ పంచకండి. చదువుకోవడానికి ఇచ్చారు, తిరిగి ప్రచురించడానికి కాదు. లింకు ఇవ్వండి చాలు.

ప్రశ్న: స్కూల్లో జీతానికి తయారుచేసిన మెటీరియల్ నేను బయట పెట్టుకోవచ్చా? (భవానీపురం నుంచి)

జవాబు: ఉద్యోగంలో భాగంగా చేసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు యాజమాన్యానిదే. అదే చట్టంలో 17వ సెక్షన్. అడిగి కాగితం మీద రాయించుకోండి, లేదా ఆదివారం ఇంట్లో కొత్తగా రాసుకోండి.

ప్రశ్న: సార్, మాది బ్రాడీపేట, నేను టెన్త్. అమ్మ ఫోన్‌లో తొమ్మిది గ్రూపులు ఉన్నాయి, అన్నిటిలో రివిజన్ పీడీఎఫ్‌లు వస్తున్నాయి. రోజూ చదువుతున్నాను, చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది, స్లిప్ టెస్టులో ఏదీ గుర్తురావట్లేదు. బాగా టెన్షన్‌గా ఉంది. ఏ పీడీఎఫ్ మంచిదో చెప్పండి సార్.

జవాబు: నాన్నా, ముందు ఆ ఫోన్‌లో సగం ఖాళీ చేద్దాం. మన రాష్ట్రంలో 2024-25 నుంచి టెన్త్‌కి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం వచ్చింది. గ్రూపుల్లో తిరిగేవాటిలో చాలా వరకు అంతకు ముందు పుస్తకానివి, పైన మాత్రం కొత్త సంవత్సరం వేసి తిప్పుతారు. గుర్తుపట్టడం తేలిక. అందులో పరమాణు నిర్మాణం, క్వాంటం సంఖ్యలు, రసాయన బంధం అని పాఠాలు కనిపిస్తే అది పాత పుస్తకం. పాఠ్యపుస్తకం విషయసూచిక పక్కన పెట్టుకుని ఒక్కో పీడీఎఫ్ తెరువు, అందులో లేని పాఠం ఇందులో ఉంటే డిలీట్ కొట్టు. మోడల్ పేపరు కావాలంటే ఎస్‌ఎస్‌సీ బోర్డు వెబ్‌సైటు నుంచే తీసుకో, ఎవరో ఫార్వర్డ్ చేసింది వద్దు. ఫిజికల్ సైన్స్, బయాలజీ వేరువేరు రోజుల్లో 50 మార్కుల చొప్పున ఉంటాయి కాబట్టి రెండూ కలిపిన వంద మార్కుల పేపర్లతో ప్రాక్టీసు చేయడం కూడా దండగ.

ఇక గుర్తుండకపోవడం సంగతి. నీ బుర్రలో లోపం ఏమీ లేదు, చదివే పద్ధతిలో ఉంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చి కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు, కొందరిని ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది, రాసి చూసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నువ్వు "చదివేటప్పుడు అన్నీ వచ్చినట్టే ఉంటుంది" అన్నావే, ఆ అయిదు నిమిషాల మాయ అదే. రంగు పెన్నుతో గీతలు గీసుకోవడం కూడా పెద్దగా పనికిరాదని 2013లో ఇంకో పెద్ద సమీక్ష తేల్చింది, తమని తాము పరీక్షించుకోవడం, రోజుల తేడాతో మళ్లీ చూసుకోవడం ఈ రెండే అన్నిటికన్నా బాగా పనిచేస్తాయని.

కాబట్టి పీడీఎఫ్ చదవకు, దాంతో పరీక్ష పెట్టుకో. కాంతి పాఠం చదివావనుకో, మూసేసి ఇది చెయ్యి: పుటాకార దర్పణం నాభ్యంతరం 15 సెంటీమీటర్లు, వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది, ప్రతిబింబం ఎక్కడ? సంజ్ఞలు సరిగ్గా వేస్తే అద్దం ముందే 30 సెంటీమీటర్ల దగ్గర, తలకిందులుగా, అంతే సైజులో రావాలి. అవే అంకెలతో కుంభాకార దర్పణానికి చెయ్యి. అద్దం వెనక 10 సెంటీమీటర్ల దగ్గర, నిటారుగా, మూడో వంతు సైజులో వస్తే నీకు సంజ్ఞా సాంప్రదాయం వచ్చినట్టే. రాకపోతే అప్పుడు నోట్సు తెరువు, ఎక్కడ ఆగిపోయావో అక్కడే చూడు. రెండు రోజులాగి మళ్లీ చెయ్యి, తర్వాత వారానికి ఇంకోసారి. పుస్తకం, ఒక ప్రశ్నల సెట్టు, మీ సార్. ఈ మూడూ చాలు. తొమ్మిది గ్రూపుల్లో ఎనిమిదింటిలోంచి ఇవాళే బయటికి వచ్చేయ్, అమ్మ కూడా సంతోషిస్తుంది.

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎవరో పెట్టిన సైన్స్ డౌట్స్ వాట్సాప్ గ్రూపులో చేరింది. ఇప్పుడు తెలియని నంబర్ల నుంచి హాయ్ అని మెసేజులు వస్తున్నాయి. గ్రూపులో పాఠాలు మాత్రం బాగానే చెబుతున్నారు. ఏం చేయమంటారు? — ఒక తల్లి, సింగ్ నగర్

జవాబు: గ్రూపులోంచి తీసేయండమ్మా, ఆ నంబర్లు బ్లాక్ చేయండి. మళ్లీ మళ్లీ వేధిస్తే పిల్లల హెల్ప్‌లైను 1098కి గానీ దగ్గర్లోని పోలీసు స్టేషనుకి గానీ చెప్పండి. వాట్సాప్ గ్రూపులో చేరితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, వెయ్యిమంది దాకా ఉండొచ్చు, అందులో ఎవరెవరున్నారో పెట్టినాయనకే తెలియదు. 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలో వాట్సాప్ ఛానళ్లు ఉన్నాయి, వాటిలో చేరినవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు. ఆ టీచరు గారికి ఇదే మాట చెప్పి గ్రూపుకి బదులు ఛానల్ పెట్టమనండి, డౌట్లుంటే అమ్మాయి మీ నంబరు నుంచి అడుగుతుంది. మెటీరియల్ కావాలంటే పేరు, ఫోను, ఊరు నింపండి అనే ఫారాలు ఎవరు పంపినా నింపకండి. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. ఫ్రీగా ఇచ్చే పేజీకి ఫోన్ నంబరెందుకు?

ప్రశ్న: అరండల్‌పేటలో డీటీపీ చేస్తాను. ఒక మాస్టారి సైన్స్ నోట్సు ఫ్రీగా టైపు చేసి పెట్టాను, అను ఫాంట్లో. ఫోన్లలో తెరిస్తే కొందరికి పిచ్చి గీతలు వస్తున్నాయట. నా తప్పేనా?

జవాబు: మీ తప్పు కాదు, ఆ ఫాంటు పద్ధతి అంతే. ప్రింటుకి బాగుంటుంది, కానీ లోపల ఉండేది తెలుగు అక్షరం కాదు, ఇంగ్లీషు కీల మీద తెలుగు బొమ్మ. ఫాంటు లేని ఫోన్‌లో బొమ్మ పోయి గీతలు మిగులుతాయి. పీడీఎఫ్ చేస్తే చూడ్డానికి సరిపోతుంది, కానీ అందులో "నిరోధం" అని వెతికితే దొరకదు, కాపీ చేస్తే చెత్త వస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, చూపు లేని పిల్లలకి ఫోన్ దాన్ని చదివి వినిపించలేదు. యూనికోడ్‌లోకి (ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి) మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు ఒకసారి కళ్లతో చూసుకోవాలి, అక్కడే తేడాలొస్తాయి. ఫాంట్లకి డబ్బు పెట్టక్కర్లేదు, మండలి, సురన్న లాంటివి ఉచితంగా దొరుకుతాయి. ఇంకొకటి, ఏ4 సైజు పేజీలో రెండు కాలమ్‌లు పెట్టకండి. పిల్లలు చదివేది ఫోన్‌లో, పక్కకి జరుపుకోలేక వదిలేస్తారు. ఒకటే కాలమ్, పెద్ద అక్షరాలు.

ప్రశ్న: తెనాలి దగ్గర ప్రభుత్వ హైస్కూల్లో పనిచేస్తున్నాను. ల్యాబు పేరుకే. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. ప్రయోగాలు చూపించడానికి ఫ్రీగా ఏమైనా ఉన్నాయా?

జవాబు: ఫెట్ సిమ్యులేషన్లు చూడండి సార్. కొలరాడో యూనివర్సిటీ వాళ్లవి, భౌతిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టారు. వైర్లు, బ్యాటరీ, బల్బు వేలితో కలిపి సర్క్యూటు చేసుకోవచ్చు, అమ్మీటరు పెట్టి చూసుకోవచ్చు, పైన చెప్పిన రెండు బల్బుల ప్రశ్న లాంటివి అక్కడికక్కడ తేల్చేయొచ్చు. కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. తొమ్మిది, పది తరగతుల ప్రయోగాలు వరసగా కావాలంటే అమృత విశ్వవిద్యాపీఠం, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్ అనే సైటు ఉంది. పుస్తకంలో క్యూఆర్ కోడు ఉంటే దీక్ష అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లోకి తీసుకెళుతుంది, వీడియోలు పాఠానికి సరిపోతాయో లేదో మీరు ముందు చూసుకుని చూపించండి, అన్నీ ఒకే స్థాయిలో లేవు. ఆమ్లాలు, క్షారాలకి మాత్రం కంప్యూటరు వద్దు. పసుపు, సున్నం, నిమ్మకాయ తెప్పించండి, పసుపు కాగితం మీద సున్నం నీళ్లు పడితే ఎర్రగా మారడం పిల్లలు చేత్తో చేయాల్సిందే. ఫెట్‌లో కొత్త సిమ్యులేషన్లు నెట్ లేకుండా కూడా నడుస్తాయి, ముందు రోజే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లి క్లాసులో డిజిటల్ ప్యానెల్‌కి పెట్టుకోండి, బళ్లో నెట్ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.